జెల్లీలో పెరిగిన గడ్డ

రాజమహేంద్రవరంలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రి మూడో అంతస్తు ల్యాబ్‌లో ప్రిస్కిల్లా ఒక్కతే పనిచేసేది. రోగి గడ్డలోంచి సూదితో తీసిన ముక్క కిందినుంచి వచ్చేది. దాన్ని కణాలుగా విడదీసి, మెత్తటి జెల్లీలో ఉంచి, ఒంట్లో పెరిగినట్టే ఉండలుగా పెంచి, వాటి మీద మందులు వేసి ఏది పనిచేస్తుందో చూడాలి. రెండు రోజులకోసారి వాటి ఆహారమైన గులాబిరంగు నీళ్లు మార్చాలి, లేకపోతే చచ్చిపోతాయి. అందుకని ఆదివారాలూ వచ్చేది. చర్చిలో పాటలు పాడే క్వయర్‌లో తన చోట ఇంకొకరు నిలబడ్డారని ఫోనులో ఫొటో చూశాకే ఆమెకు తెలిసింది.

ఒక ఆదివారం తలుపు దగ్గర తలకు కొంగు కప్పుకున్న ఒకావిడ కనిపించింది.

"రామతులసినండి. కడియం నర్సరీలో పని. నా గడ్డ ఇక్కడ పెంచుతున్నారంట. ఓసారి చూడొచ్చా అండి?"

చూపించకూడదు. అయినా ఆమె మొహం చూసి కాదనలేక, ప్రిస్కిల్లా మైక్రోస్కోప్ తెర ఆమె వైపు తిప్పింది.

"ముత్యాల్లా ఉన్నాయేంటండి!" అంది రామతులసి. చాలాసేపు చూసింది. "నేనూ మొక్కలకు అంట్లు కడతానండి. ఒక్కపూట మర్చిపోతే ఎండిపోతాయి. మీరేమో దీన్ని బతికిస్తున్నారు. ఇదేమో నన్ను..." అంటూ కొంగు సర్దుకుంది. "ఆదివారం కూడా మీకు సెలవు లేదా మేడంగారూ?" అంది.

ఈ ల్యాబ్‌లో చేరిన రెండేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. ప్రిస్కిల్లా క్యారేజీ తీసుకుని వరండాలోకి వచ్చింది. ఇద్దరూ పులిహోర తిన్నారు. తర్వాత మూడు ఆదివారాలూ అలాగే గడిచాయి.

నాలుగు మందులకు ఉండలు చెక్కుచెదరలేదు. అయిదోదానికి అంచులు విరిగి, తడి ఇసుకలా రాలిపోయాయి. నమ్మలేక ప్రిస్కిల్లా మళ్లీ చేసింది. అదే ఫలితం. రామతులసికి వైద్యం చేస్తున్న డాక్టర్ చంద్రరావుగారు అప్పటికే ఆ మందు గురించి ఆలోచిస్తున్నారు. రిపోర్టు చూసి మొదలుపెట్టారు. మూడు నెలలకు స్కాన్‌లో గడ్డ సగమైంది.

రామతులసి మళ్లీ నర్సరీ పనిలోకి వెళ్లిపోయింది. ఒకసారి ఫోన్ చేసింది.

"బంతి నారు సీజనండి, పనితో ఊపిరి ఆడట్లేదు. మీ చెయ్యి చల్లనిదండి."

ఒక ఆదివారం రమ్మని అడగాలనిపించింది ప్రిస్కిల్లాకు. ఆసుపత్రికి రమ్మని ఎవరిని పిలుస్తాం? "ఒళ్లు జాగ్రత్తండి," అని పెట్టేసింది.

పరీక్ష ముగిసి, స్కాన్ కూడా వచ్చింది కనుక రామతులసి గడ్డ నుంచి పెంచిన మిగతా ఉండల్ని పారేయాలి. బ్లీచ్ పోసింది. గులాబిరంగు నీళ్లు తెల్లబడేదాకా అక్కడే నిలబడింది.