పీల్చే బూర

దాణా మిల్లులో చివరి బస్తా దింపి వెర్లిన్ దాని మీదే కూలబడ్డాడు. ఏళ్ల తరబడి పీల్చిన మొక్కజొన్న ధూళి ఛాతీలో పేరుకుపోయింది. పెదాలు నీలం తిరగడం ఎవరైనా చూస్తారేమోనని ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. చూడటానికి అక్కడెవరూ లేరు. అయినా భయం భయమే.

మధ్యాహ్నం సెలవు పెట్టాడు. మగజింకలు ఆడవాటి వెంట పిచ్చెత్తి తిరిగే నవంబరు. మిస్సోరీ కొండల్లో ఈ వారం వేటకెళ్లక ఇంట్లో కూర్చున్నవాడు చచ్చినవాడి కిందే లెక్క. కానీ భార్య తమ్ముడు లైల్ ఓ మెలిక పెట్టాడు.

"బావా, బూర ఊదే ఊపిరి ఉంటేనే ఈసారి అడవికి. లేకపోతే ఇంట్లో అక్క పక్కన కూర్చుని చిక్కుడుగింజలు ఉడకేసుకో."

వేట సామాన్లమ్మే ఓపల్ కొట్టులో గాజుబల్ల నిండా బూరలే. ఊదితే మగజింక గుర్రుమన్నట్టుంటుంది. పోటీకెవడో వచ్చాడనుకుని అసలుది ఒళ్లు మండి పరిగెత్తుకొస్తుంది. కొనేముందు అందరి ముందూ ఊది చూపించడం అక్కడి ఆనవాయితీ. లైల్ పొడుగాటిది తీసి ఊదాడు. కిటికీ అద్దాలు అదిరాయి.

"గొంతంటే ఇదీ! ఇక నువ్వు కానియ్యి, బావా."

వెర్లిన్ ఒకటి అందుకున్నాడు. ఊదాడు. ఫుస్సుమంది.

"ఏంటి, టైర్లో గాలి పోయిందా?"

"కాఫీ అడ్డం పడింది," అన్నాడు వెర్లిన్. ఇంకోటి ఊదాడు. అదీ ఫుస్సే. ఇక అయిపోయింది అనుకున్నాడు.

ఓపల్ అతని పెదాల వంక చూసింది. ఏమీ అడగకుండా కింది అరలోంచి చిన్న బూర తీసింది.

"ఇది ఊదేది కాదయ్యా, పీల్చేది. నోటి తడి తగిలి చలికి గడ్డకట్టదు," అని లైల్ వైపు తిరిగింది. "నీ ఊదుడికి జింకలేం ఖర్మ, పక్క ఊరి ఆవులు కూడా పారిపోతాయి!"

వెర్లిన్‌కు ఊపిరి వదలడమే గండం. పీల్చడం కాస్త మిగిలే ఉంది. పీల్చాడు. తెగి తెగి, అచ్చం ముసలి మగజింకలా గుర్రుమంది.

లైల్ నోరు తెరిచాడు. "సరే, పద."

వాగు దగ్గర ఇద్దరూ విడిపోయారు. ఏటవాలు ఎక్కుతూ వెర్లిన్ చెట్టు చెట్టునీ పట్టుకుని ఆగాడు. లైల్ వెనక్కి తిరిగి చూస్తే ఇంటికి పంపేస్తాడు. అదృష్టం, చూడలేదు.

సాయంత్రమంతా గట్టు మీద గుర్రుమంటూనే ఉంది. పిలుస్తున్నది బావో, నిజం జింకో లైల్‌కు అర్థం కాలేదు. కదిలితే బెదురుతుందని ఉన్నచోటే బిగుసుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. బావ గురిపెట్టి ఉంటాడని తుపాకి మోత కోసం చెవులు రిక్కించాడు. మోగలేదు.

పొద్దు వాలాక పైకెక్కాడు. వెర్లిన్ ఓక్ చెట్టుకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు.

"లే బావా, చలేస్తోంది."

భుజం ముట్టుకున్నాడు. మనిషిలో ఊపిరి లేదు. తన టోపీ తీసేశాడు. కాసేపటికి నేల వంక చూస్తే, వెర్లిన్ బూట్లకు నాలుగడుగుల దూరంలో తడిమట్టి మీద పెద్ద గిట్టల గుర్తులు. వచ్చి, నిలబడి, తాపీగా తిరిగి వెళ్లినవి.

"వచ్చింది కదా బావా... నీ పిలుపుకి వచ్చింది కదా!" లైల్ వెక్కి వెక్కి ఏడ్చాడు.

జింకను చూసి, తుపాకి మీట నొక్కడానికి విప్పిన కుడిచేతి ఉన్ని తొడుగు, పక్క కొమ్మకు తగిలించి ఉంది.