పదమూడో ఇల్లు

శుక్రవారం ఆసుపత్రి డ్యూటీ నుంచి రాగానే జయంతి శొంఠి దంచడం మొదలుపెట్టింది. పూతలపట్టు నుంచి వాళ్ళ నాయన పంపిన నల్లబెల్లం కరిగించి వడగట్టి, వెన్నా మైదా కలిపి ముద్ద చేసి, చపాతీ కంటే మందంగా వత్తి, అట్టముక్క కొలత పెట్టి గోడలూ కప్పులూ కోసింది. పన్నెండు మంది పిల్లలకు పన్నెండు అల్లం బిస్కెట్ ఇళ్ళు. ఓవెన్లో విడతకు ఒక ఇల్లే పట్టింది. భర్త సుకుమార్ వంటింట్లోకి తొంగిచూసి, "రేపు పిల్లోళ్ళకు భలే సర్‌ప్రైజ్ ఇస్తా ఉండా, సూడు" అన్నాడు. ఇస్తున్నది తనేనట.

ఒప్పుకోవాలి, ఫోన్లో చూసి ముచ్చటపడింది అతనే. అక్టోబరు చివర్లో ఎక్కడో పరాయి దేశాల్లో పిల్లలు ఇలాంటి ఇళ్ళకు దయ్యాలూ సాలీళ్ళూ అంటిస్తారట. "శనివారం మా ఇంట్లో దయ్యాల ఇళ్ళ పార్టీ" అని అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టిందీ అతనే. పది నిమిషాల్లో చప్పట్ల బొమ్మలు కుప్పలు పడ్డాయి. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో సెలవడిగి మాట పడింది మాత్రం జయంతి.

శనివారం పిల్లలు వచ్చి హాల్లో చాపల మీద కూర్చున్నాక, గోడలు అతికించే తెల్ల క్రీము కోసం సుకుమార్ గుడ్లు తీశాడు. దేవుడి గదిలోంచి అత్త శకుంతలమ్మ కేకేసింది. "శనివారం పూట ఇంట్లో గుడ్డు పగలగొడతారా? ఏమ్మే జయంతీ, వానికి తెలీదు సరే, నీకన్నా తెలివి ఉండొద్దా?" తిరుపతిలో పుట్టి పెరిగిన నలభై ఏళ్ళ మగాడికి శనివారం గుర్తులేకపోవడం తప్పు కాదు. గుర్తు చెయ్యకపోవడం కోడలి తప్పు. సుకుమార్ గుడ్డు చేతిలో పట్టుకుని, ఇక నువ్వే దిక్కన్నట్టు భార్య వైపు చూశాడు.

జయంతి క్రీముకు బదులు బెల్లం పాకం పెట్టింది. నీళ్ళలో వేసిన చుక్క పళ్ళేనికి తగిలి టంగుమనేదాకా ముదరనిచ్చింది. అందులో గోడ అంచు ముంచి ఆనిస్తే చాలు, కదిలించినా రాదు. కాకపోతే కాలే పాకం పిల్లలు ముట్టకూడదు, స్టవ్ దగ్గర మనిషి ఉండాలి. ఇళ్ళన్నీ గట్టు మీదే నిలబెట్టి ఒక్కోటీ హాల్లోకి పంపింది. రెండు వేళ్ళు కాలాయి. "ఎట్లుండాది నా నల్లబెల్లం సిమెంటు?" హాల్లో సుకుమార్ గొంతు ఖంగుమంది.

గుమ్మంలోంచి చూసింది. అతను తెల్ల దుప్పటి కప్పుకుని దయ్యంలా మూలుగుతున్నాడు. ఎనిమిదేళ్ళ రూపశ్రీ తండ్రి వీపు మీదెక్కి, ఊపిరాడనంతగా నవ్వుతోంది. పొద్దున జయంతి చేసిపెట్టిన పాలకోవా దయ్యాల్ని పిల్లలు కప్పుల మీద కూర్చోబెడుతున్నారు. ఎదురింటి అమల ఫోన్లో అంతా తీస్తూ, "అన్నా, మా ఆయన కలలో గూడా ఇట్లాంటివి చెయ్యడు. జయంతి పెట్టి పుట్టినాది" అంది.

జయంతికి కడుపు మండిపోయింది. అలసట అనుకుందామని చూసింది కానీ కాదు, అది అచ్చంగా కుళ్ళు. పక్కింటి నగ చూసి కుళ్ళుకునే ఆడవాళ్ళ గురించి లోకం కథలు చెబుతుంది. కట్టుకున్నవాణ్ణి చూసి కుళ్ళుకునే ఆడదాన్ని ఏమంటారో? ఇంతసేపటినుంచీ అతను కింద కూర్చుని ఉన్నాడు, ఎవరూ లేపలేదు, అదే ఆమెకు కంట్లో నలుసైంది. పిల్లను నవ్వించడం తనకు రాదా? వచ్చు. ఎప్పుడు నవ్వించాలి? స్నానం, జడ, టిఫిన్ డబ్బా, హోంవర్కు, అన్నింటికీ తన నోట ఒకటే మాట, తొందరగా. పొద్దున జడ వేయించుకుంటూ పిల్ల అననే అంది: "నాయనైతే ఆడుకుంటాడు. నువ్వెప్పుడూ అరుస్తావు." ఆ నవ్వు కావాలి తనకు. తను వండి పంపిస్తుంటే అతను కడుపారా తింటున్న ఆ నవ్వు.

"జయంతీ, ఈ పిల్లోడు లోకేష్ ఇంటి కప్పు ఊడినాది. రోంత పాకం తీసుకురా!"

ఏదైనా విరిగితే పనికొస్తాయని చేసిన ముక్కలు పళ్ళెంలో మిగిలి ఉన్నాయి. జయంతి వాటిని పాకంలో ముంచి పదమూడో ఇల్లు నిలబెట్టింది. మంట తగ్గించి, ఆ ఇల్లు చేత్తో పట్టుకొచ్చి, కూతురి పక్కన చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"పిల్లోళ్ళందరికీ వచ్చినాయే, అదెవురికి?" అన్నాడు సుకుమార్.

"నాకు."

"మరి పాకం ఎవురు సూస్తారు?"

"స్టవ్ మీద ఉండాది. మీరు పోండి, మాడిపోతాది."

పరాచికమనుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు. అమల ఫోను ఇంకా అతని వైపే ఉంది. దుప్పటి తీసేసి లేచాడు.

రూపశ్రీ తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూసి, ఒక పాలకోవా దయ్యం అందించింది. "మీ ఇంటికి దయ్యం వద్దా అమ్మా?"

"వద్దులేమ్మా. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటా. నువ్వు రావాలంటే తలుపు కొట్టి రా."

పిల్ల గోటితో బిస్కెట్ తలుపు మీద టకటకా కొట్టింది. జయంతి గొంతు మార్చి, "ఎవురది, నిద్ర చెడగొట్టేది?" అంది. రూపశ్రీ పడీపడీ నవ్వింది. అప్పుడే వంటింట్లోంచి మాడు వాసన, దాని వెనకే "జయంతీ!" అని కేక. జయంతి కదలలేదు.

"అమ్మా, మరి నాయన మన ఇంటికి రావద్దా?"

"పాకం పట్టడం నేర్చుకోనీ, సూద్దాం."