దిబ్బ మీద దుప్పటి

మధ్యాహ్నమైనా కాకముందే ఆమె కళ్ళు మండుతున్నాయి. పెళ్ళయి నెల తిరగలేదని ఆఫీసులో అందరూ ఆమెను ‘పెళ్ళికూతురు’ అనే పిలుస్తారు. డ్రోను తీసిన ఫొటోల్లోంచి ఇళ్ళూ చెట్లూ మనుషులూ చెరిపేసి, ఉత్త నేల ఎత్తుపల్లాలు మాత్రం మిగల్చడం ఆమె పని. ఆ నేల బొమ్మ మీదే రేపు రోడ్డు గీస్తారు.

తెర మీదికి కాలవగట్టు వాడ రాగానే కిసుక్కున నవ్వింది. తమ వాడే! అదిగో తమ రేకుల గది, పైన ఆరేసిన పసుప్పచ్చ దుప్పటి. పెళ్ళయిన వారానికి ఆయన కొని తెచ్చిన దుప్పటి.

పక్కనే కంప్యూటరు కట్టిన నేల బొమ్మ చూశాక నవ్వు ఆగిపోయింది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళ మధ్య మట్టి కనపడక, అది ఇళ్ళ పైకప్పులనే నేల అనుకుంది. వాడంతా ఒక నున్నటి దిబ్బగా లేచింది.

“సార్, ఇది తప్పు. ఇవి ఇళ్ళు. మా ఇల్లూ ఉంది. సరిచేస్తాను.”

సూపర్‌వైజరు కుర్చీ జరుపుకుంటూ వచ్చాడు. “ముట్టుకోకు పెళ్ళికూతురా. రోడ్డు కంపెనీవాళ్ళు చూసేశారు. ఇళ్ళయితే గడపగడపకీ పరిహారం ఇవ్వాలి. దిబ్బయితే తవ్వి పారేయడమే. వాళ్ళకి దిబ్బే కావాలి.”

“ఆ దిబ్బలో మా అత్తయ్య ఉంది సార్.”

“నన్నేం చెయ్యమంటావు తల్లీ? నాకూ పిల్లలున్నారు. సరిచూశానని కింద నీ పేరు టైపు కొట్టు.”

“కొట్టను సార్.”

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. సూపర్‌వైజరు నిట్టూర్చి, వంగి, తన పేరే కొట్టి పంపేశాడు. అంతే.

సాయంత్రం ఇంటికి రాగానే అత్త కేకేసింది. “ఏమే పిల్లా, మబ్బు పట్టింది, ఆ దుప్పటి దింపు! నీ మొగుడికి చెప్తే ఇదిగో అదిగో అంటున్నాడు.”

ఆమె నిచ్చెనెక్కింది. రేకు కింద గోడ ఉన్నచోటే అడుగేసి, దుప్పటి రెండు చేతులా చాపి, ఆకాశంకేసి చూస్తూ నిలబడిపోయింది. కింద మొగుడు పకపకా నవ్వాడు.

“ఎవరికే చూపిస్తున్నావ్?”

“మళ్ళీ ఫొటో తీస్తారేమోనని.”

“తీస్తే?”

ఆమె చేతులు దించింది. ఫొటోలో పడ్డ మనుషుల్ని ఎవరు చెరుపుతారో ఆమెకు తెలుసు. చినుకులు రేకు మీద టపటపమన్నాయి.

“వినండి, మోగుతోంది.”

“మోగదూ మరి? రేకు కదే!”

“అవును,” అందామె. “మట్టయితే మోగదు.”