కణుపు దాటిన ఉంగరం

పొద్దున్నే కొట్టు తెరవగానే కంసాలి చేసే మొదటి పని పాత ఉంగరాలను మళ్లీ కొలవడం. మేలిమి బంగారంతో ఏనాడో చేసిన పెళ్లి ఉంగరాలు. చిక్కటి పసుపు, ఒకసారి చూస్తే కన్ను తిప్పుకోనివ్వవు. కానీ ఒక్క సైజులో కుదురుగా ఉండవు. నిన్న చిటికెనవేలికి సరిపోయినది ఇవాళ బొటనవేలికి వదులు. బంగారం మెత్తనైతే మనసూ మెత్తనే మరి! కంసాలి విసుక్కోకుండా చీటీలు మార్చి కట్టేవాడు. రాగి ఎక్కువ కలిసిన కొత్తవి మాత్రం చేసినవి చేసినట్టే బిగుసుకుని కూర్చునేవి.

ఎదురుగా ఉన్న బల్ల దగ్గర నుంచి ఇదంతా ఇరవై ఏళ్లుగా చూస్తోంది ఇస్త్రీ ఆమె. యాభై నిండాక ఆమెకు పెళ్లి కుదిరింది. వరుడు బస్సు డ్రైవరు. ఇస్త్రీ చేసిన చొక్కానే నలిపి మళ్లీ తెచ్చి, ఒకనాడు దొరికిపోయాడు.

వచ్చిన చిక్కల్లా అతని అక్కతోనే. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. "మా ఇంట్లో పెద్దవాళ్ల చేత్తో ఉంగరం ఎక్కాలి. సబ్బూ నూనే లేకుండా. ఎక్కలేదా, సంబంధం లేదు" అంది. ఆవిడ మాట అతను దాటి ఎరగడు.

ముగ్గురూ కొట్లో కూర్చున్నారు. కంసాలి ఒక పొరపాటు చేశాడు. వేలి మొదలు కొలిచాడు గానీ, ఇస్త్రీపెట్టె తోసి తోసి నిమ్మకాయలా ఉబ్బిన కణుపును కొలవలేదు. కొత్త ఉంగరం అక్కడే ఆగింది. పెద్దది తెస్తే కణుపు దాటి గాజులా వేలాడింది.

"వేలే ఒద్దంటోంది, నన్నేం చెయ్యమంటావు?" అంది అక్క.

"అక్కా, నేను కాపురం చేసేది వేలితోనా?"

"నోర్ముయ్. అమ్మ పెట్టిన పద్ధతి."

ఇస్త్రీ ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "ఇది దాచుకునే కణుపు కాదు వదినగారూ. దీంతోనే బతికాను. ఇంకొక్కసారి చూడండి" అంది.

అక్క ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. తీసుకుందో లేదో, ఆవిడ వేలికున్న ఉంగరం వదులైంది. తల్లిది అది, మేలిమిది, అరిగి అంచులు నున్నబడినది. నలభై ఏళ్లుగా ఏ సబ్బుకీ ఊడిరానిది తాపీగా జారి ఇస్త్రీ ఆమె వేలెక్కింది. కణుపు దగ్గర కావలసినంత వెడల్పయింది. దాటాక ముడుచుకుని కుదురుగా కూర్చుంది.

"పెద్దావిడ చేతి మీంచే ఎక్కింది" అన్నాడు కంసాలి, చీటీ మీద సైజు రాసుకుంటూ.

అక్క బోసిగా ఉన్న తన వేలిని చాలాసేపు చూసుకుంది.

"మా అమ్మ బతికుండగా నా మాట విన్నది గనకనా, ఇప్పుడు వినడానికి!" అంది చివరికి. "బిగుతుగా ఉందా మరదలా?"

"లేదు వదినా. వెచ్చగా ఉంది."

"ఉంటుంది. ఆవిడ చెయ్యి ఎప్పుడూ అంతే."

ముక్కు చీది లేచింది. మెట్లు దిగి, వీధి మధ్యకు నడిచి, వచ్చే పోయే బళ్లన్నిటినీ రెండు చేతులూ చాచి ఆపేసింది.

"ఆగండర్రా! మా మరదలు వస్తోంది!"