చెంచాల బల్ల దగ్గర పెద్దక్క

కవరు నోరు తెరవడానికి పెద్దక్క ఎప్పుడూ ఊదదు. ఊదితే తుంపర్లు పడతాయని మాస్టారు మొదటి రోజే చెప్పారు. కుడి మోచేతి కింద కవరు అడుగు నొక్కిపెట్టి, ఎడమ బొటనవేలితో అంచు పైకి లేపుతుంది. అంచు లేచిందంటే చాలు, చెంచా లోపలికి జారుతుంది. దాని వెనక ఫోర్కు, మడిచిన కాగితం రుమాలు, చిటికెడు ఉప్పున్న పొట్లం. నిండిన కవరును పక్కకు తోస్తే, పక్క కుర్చీలో ఉన్న రేడియో దాన్ని అందుకుని వేడి పట్టీ మీద అతికిస్తాడు. అతనికి ఒక కాలు సన్నం. నోరు మాత్రం పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా ఆగదు. అందుకే ఆ పేరు.

పెద్దక్క కుడి చెయ్యి పుట్టినప్పటి నుంచీ పిడికిలి విప్పలేదు. "లోపల ఏం దాచుకున్నావే, చూపించవూ?" అని చిన్నప్పుడు నాయనమ్మ ముద్దుగా అడిగేది. కుడి కాలిదీ అదే తీరు, ఈడ్చుకుంటూ వస్తుంది. ఇక మాట సంగతి సరేసరి. గుమ్మం దాకా వచ్చి చెప్పులు వెతుక్కునే మనిషిలా, పెదవుల దాకా వచ్చి ఆగిపోతుంది. తొందరున్నవాళ్ళు అంతసేపు నిలబడరు. అలా వినకుండా వెళ్ళిపోయినవాళ్ళ మధ్యే ఆమె సగం జీవితం గడిచింది. చెవుల పక్కన వెంట్రుకలు నెరిసేదాకా ఇంటి వెనక గదిలో, కిటికీ దగ్గర కూర్చుని, ఆరిన బట్టలు ఒంటి చేత్తో మడతపెట్టేది.

ఆ కిటికీలోంచే ఒకరోజు మాస్టారు ఆమెను చూశారు. అప్పుడు ఈ షెడ్డు కొత్తగా పెట్టి, పనివాళ్ళ కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నారు. "ఈమెను పంపుతారా?" అని అడిగితే తండ్రి నవ్వేశాడు. "దానికేం పనొచ్చు, మాస్టారూ?"

"నేర్పితే వస్తుంది లెండి."

అంతే ఆయన అన్నది. ఆ మాట పెద్దక్క చెవిలో తేనె చుక్కలా పడింది. మర్నాటి నుంచి ఆమె కోసం వ్యాను వచ్చింది. మొదటి వారం చెంచాలన్నీ నేలపాలే. మాస్టారు ఒక్కటొక్కటీ ఏరి కడిగించారే తప్ప విసుక్కోలేదు.

ఆయన మంచితనంలో వంక లేదు. జీతంలో ఉంది. అప్పుడప్పుడూ రెండు చేతులూ చక్కగా ఆడే అమ్మాయి ఒకతె వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చునేది. ఆమె గంటలో ఎన్ని కవర్లు నింపిందో చూసి, తర్వాత వీళ్ళవి చూసి, తేడాను బట్టి జీతం కట్టేవారు. పెద్దక్కది సగం. రేడియోది ఇంకాస్త మేలు. తలుపు పక్కన కూర్చుని రుమాళ్ళు మడిచే చిట్టితల్లిది చెప్పుకోవడానికే సిగ్గు. ఇదేమీ దొంగతనం కాదు, చట్టం ఒప్పుకున్నదే. ఇప్పుడు ఆ చట్టం ఉంచాలా తీసెయ్యాలా అని పైవాళ్ళు తర్జనభర్జన పడుతున్నారు. పనివాళ్ళ మాట కూడా విందామని ఈరోజు ఒక ఆఫీసరమ్మ వస్తోంది.

"ఉన్నదున్నట్టు చెప్పండి," అన్నారు మాస్టారు పొద్దున్నే. ఆయన చొక్కా కాలరు అరిగిపోయి, తిప్పి కుట్టించి ఉంది. "కాకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ బల్ల ఉంటేనే మనమందరం ఉంటాం."

మధ్యాహ్నం అన్నాల దగ్గర రేడియో ఊరుకోలేదు. "కూరగాయలవాడు నా కాలు చూసి సగం ధరకిస్తాడా? ఇంటాయన సగం అద్దె చాలంటాడా? మరి జీతం దగ్గరికొచ్చేసరికే నేను సగం మనిషినెలా అయ్యాను?"

చిట్టితల్లికి అన్నం పెట్టడానికి రోజూ వచ్చే వాళ్ళమ్మ ముద్ద కలుపుతూనే అందుకుంది. "నీకేం బాబూ, ఇక్కడ కాకపోతే ఇంకోచోట కూర్చుని కబుర్లు చెబుతావు. పూర్తి జీతం ఇవ్వాలంటే మాస్టారు ముందు ఎవర్ని తీసేస్తారు? నా పిల్లనే. దానికి డబ్బు కాదు, పగలంతా నలుగురి మధ్య కూర్చునే చోటు కావాలి. ఇంట్లో ఉంటే గోడతో మాట్లాడుకుంటుంది."

రేడియో కంచంలోకి తల దించుకున్నాడు. చిట్టితల్లి తల్లి చేతిలో ముద్ద అందుకుని అందరినీ చూసి నవ్వింది. పెద్దక్క తినడం ఆపేసింది. గోడతో మాట్లాడటమంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆఫీసరమ్మ చిన్న వయసుదే. ఒక్కొక్కరి పక్కనా స్టూలు వేసుకుని కూర్చుని అడుగుతోంది. పెద్దక్క వంతు వచ్చేసరికి, "మాస్టారూ, మీరు కాసేపు బయటుంటారా?" అంది.

"ఉండనివ్వండి," అంది పెద్దక్క. ఆ ఒక్క మాట బయటికి రావడానికే మెడ నరాలు ఉబ్బాయి. "ఆయన వెనక చెప్పేది... కాదు."

"పని ఇష్టమేనామ్మా?"

"ఇష్టం."

"జీతం?"

పెద్దక్క మాస్టారి వైపు చూసింది. ఆయన తలుపు దగ్గర నిలబడి నేల చూపులు చూస్తున్నారు. ఆనాడు తమ గుమ్మంలోకి వచ్చినప్పటివే అన్నంత పాతగా ఉన్నాయి ఆయన చెప్పులు. మాట మళ్ళీ పెదవుల దాకా వచ్చి ఆగింది. ఆఫీసరమ్మ లేవలేదు, తొందరపెట్టలేదు, మాట పూర్తిచేసి అందించనూ లేదు.

"నన్ను ఇంట్లోంచి... బయటికి తెచ్చింది ఆయన. ఆ రుణం నాది. నేను తీర్చుకుంటాను." పెద్దక్క ఊపిరి పీల్చుకుంది. "జీతంలో కోస్తే... తీరినట్టు కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటున్నా. సగం కూర్చోవడం లేదు."

అతికించాల్సిన కవరు రేడియో చేతిలోనే ఉండిపోయింది.

సాయంత్రం వ్యాను మెట్టు ఎక్కేటప్పుడు ఎప్పటిలాగే మాస్టారే చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి వదలకుండా అడిగింది పెద్దక్క. "కోపం వచ్చిందా?"

"వచ్చింది. నీ మీద కాదులే," అన్నారాయన. కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు. "కవర్లు నింపడం నేర్పాననుకున్నాను. మాట్లాడటం ఎక్కడ నేర్చుకున్నావే తల్లీ?"

అందరికీ పూర్తి జీతమే ఇవ్వాలని చట్టం మారడానికి ఏడాదికి పైగా పట్టింది. మాస్టారు ఎవరినీ తీసెయ్యలేదు. చెంచాలు కొనే కంపెనీల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగితే ధర కాస్త పెంచారు, అడిగినంత కాదు. దాంతో పని పంచారు. ఒక్కొక్కరికీ వారంలో సగం రోజులే, ఆ రోజులకి పూర్తి జీతం. "ఏమైతేనేం, నీ చేతికొచ్చేది పాత జీతమే కదా, నాకైతే ఇంకా తక్కువ!" అని రేడియో గోలపెట్టాడు. పెద్దక్క నవ్వింది. డబ్బు అంతే, నిజమే. సగం మనిషి కూలి మాత్రం కాదు.

పని లేని రోజుల్లో చిట్టితల్లిని వాళ్ళమ్మ పెద్దక్క ఇంట్లో దింపి వెళ్ళేది. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని బట్టలు మడతపెట్టేవారు. చిట్టితల్లి మడిచింది పెద్దక్క విప్పేది కాదు, ఎంత వంకరగా ఉన్నా సరే.

మొదటి పూర్తి జీతం అందిన రోజున, తమ్ముడి భార్య అడిగింది. "ఏం కొనుక్కుంటావు, వదినా?"

పెద్దక్క స్నానాలగది గోడ చూపించింది. "ఇక్కడ ఒక కడ్డీ... పెట్టించు."

కాపురానికొచ్చిన నాటి నుంచీ, వదిన పిలిచినప్పుడల్లా పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి భుజం ఇచ్చి లేపిన మనిషి ఆ మరదలు. ఒక్కరోజూ మొహం చిట్లించలేదు. అయినా ఆ ఇంట్లో గోడకొక మేకు కొట్టమని అడగడానికి కూడా పెద్దక్కకు అన్నాళ్ళూ నోరు రాలేదు.

"నేను లేనా? కడ్డీ ఎందుకు?" మరదలు చిన్నబుచ్చుకుంది.

"నీ భుజం అరిగిపోయింది, పిల్లా. ఇంక దానికి సెలవు."

మరదలు నవ్వబోయి ఏడ్చింది. మర్నాడే మేస్త్రీ వచ్చాడు. ఇనప కడ్డీ బిగించి ఆకుపచ్చ రంగు వేశాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, ఒక మధ్యాహ్నం భోజనం చేసి, "కాసేపు నడుం వాలుస్తా" అని పడుకుంది పెద్దక్క. టీ ఇవ్వడానికి మరదలు లేపితే లేవలేదు. మొహంలో నొప్పి ఆనవాలు కూడా లేదు. మర్నాడు వ్యాను వచ్చి హారన్ కొట్టింది. మరదలు వీధిలోకి వెళ్ళి చేత్తోనే చెప్పింది. చంకకర్రల మీద వచ్చిన రేడియో ఆ రోజంతా ఒక్క మాటా మాట్లాడలేదు. మాస్టారు పాడె ముందు కొమ్ము పట్టుకున్నారు, వయసు వద్దంటున్నా.

కడ్డీ ఇంకా అక్కడే ఉంది. దాని మీద తువ్వాలు వెయ్యబోతే మరదలు పిల్లల్ని కసురుతుంది. ఈమధ్య మోకాళ్ళ నొప్పులతో తనూ దాన్నే పట్టుకుని లేస్తోంది. అటు చివరా ఇటు చివరా ఆకుపచ్చగానే ఉంటుంది కానీ, నడుమ పెద్దక్క ఎడమ చెయ్యి ఆనినచోట రంగు పోయి, బెత్తెడు మేర ఇనుము నున్నగా మెరుస్తూ ఉంటుంది.