డర్వ్లా బౌరాన్ పొయ్యి పక్కకి ఎలా వెళ్ళిందంటే

ముందే ఒప్పేసుకుంటున్నా. ఆ ఆదివారం డర్వ్లా బౌరాన్, అదే ఆవిడ మేకతోలు డప్పు, దానంతటది వేడెక్కలేదు. నేనే పబ్బులో చలిమంట పొయ్యి దగ్గరికి జరిపా.

మా క్లేర్‌ జిల్లా పబ్బుల్లో అందరూ కూడి పాటలు వాయించేటప్పుడు ఫిడేళ్ళు ఎన్నొచ్చినా కుర్చీ లాగి వేస్తాం. బౌరాన్ మాత్రం ఒక్కటే మోగాలి. రెండోవాళ్ళు తమ డప్పు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా వినాలి. ఆరేళ్ళుగా మోగేది ఈ ఊనాదే. వారమంతా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం, ఆదివారం మధ్యాహ్నం ఫిడేలు డినీ పక్కన కుర్చీ. అదే నా జీవితం. బాగానే ఉండేది.

ఈస్టర్ అయ్యాక గాల్వే నుంచి ఈ డర్వ్లా తన బౌరాన్ పట్టుకుని దిగింది. నర్సు. మూడోవారానికే డినీ, ఆ పిల్లని కూడా ఓ పాట వాయించనీ అన్నాడు. ఓ పాట రెండయింది, రెండు సగం మధ్యాహ్నం అయింది. నేను కాలితో తాళం వేస్తూ, పళ్ళు బయటపెట్టి నవ్వుతూ, లోపల కుళ్ళిపోయేదాన్ని. పైగా వచ్చే నెల ఎన్నిస్‌ ఊళ్ళో డినీకి స్టేజీ కచేరీ ఉంది. పక్కన ఎవరు కూర్చోవాలో ఆ ఆదివారమే చెప్తానన్నాడు.

ఆవిడ టీ తెచ్చుకోడానికి లేచింది. మేకతోలు కదా, చెమ్మకి సాగుతుంది, సెగకి బిగుస్తుంది. ఆవిడ డప్పుని కాలితో చిన్నగా పొయ్యి వైపు నెట్టా, అంతే. తిరిగొచ్చి కొట్టి చూస్తే బిస్కెట్ల డబ్బాలా టంగుమంది. తోలుకి తడి రాసింది. లాభం లేదు. డినీ అప్పటికే కళ్ళు మూసుకుని ఫిడేలు ఎత్తేశాడు. నేను అయ్యో పాపం మొహం పెట్టేలోపు నావైపు తిరిగి, "నీది ఓసారి ఇస్తావా?" అంది.

అడిగితే కాదనడం మా దగ్గర లేదు. ఇచ్చా.

మా నాన్న చేతులతో చేసిన బౌరాన్ అది. ఆరేళ్ళలో నా దగ్గర ఒక్కరోజూ అంత లోతుగా పలకలేదు, ద్రోహి.

పాట అయింది. డినీ కళ్ళు తెరవకుండానే, "ఆ డప్పు గొంతు నాకు తెలీదా? ఊనా, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే ఇది? ఎన్నిస్‌కి నువ్వే" అన్నాడు.

చుట్టూ అందరూ తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు. డర్వ్లా నా బౌరాన్ నా ఒళ్ళో పెట్టి, వానొచ్చేలా ఉంది అన్నంత మామూలుగా, చిన్నగా చెప్పింది. "నాది పొయ్యి వైపే వేడెక్కింది. అవతలి సగం చల్లగానే ఉంది." అంటే ఎవరో జరిపారని ఆవిడకి తెలిసిపోయింది.

ఓ పది సెకన్లు ఎన్నిస్ స్టేజీ నాదే. ఆ పదీ చాలా బాగున్నాయి, అబద్ధమెందుకు.

"డినీ, వాయించింది డర్వ్లా."

ఆయన కళ్ళు తెరిచి మా ఇద్దర్నీ చూశాడు. "అయితే తనే" అన్నాడు. కనీసం ఓ గుటక బీరు తాగేంతసేపైనా ఆలోచిస్తాడనుకున్నా.

డర్వ్లాది ఇంకా సరిగా పలకట్లేదట. ఎన్నిస్‌కి నాది అడిగింది. మళ్ళీ కాదనడం లేదుగా, ఇచ్చా. నా డప్పు స్టేజీ ఎక్కుతోంది. నేను టికెట్ కొనుక్కున్నా.

మీరూ ఎప్పుడైనా ఎవరిదైనా ఇలా సెగ వైపు జరిపుంటే నాకు రాయండి. నేనొక్కదాన్నే అనుకోడం కష్టంగా ఉంది.