నంబరు ఒకటే

మా ఆయన పొద్దున లేచిన దగ్గర్నుంచి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు. వంటగదిలోకి వస్తాడు, గ్లాసు తీస్తాడు, నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోతాడు. కిటికీ తెరుస్తాడు, మళ్ళీ తనే మూస్తాడు. మధ్యాహ్నం ఒక వర్తకుడు వస్తున్నాడు. మా బీరువాలో ఉన్న సగం నోటును కొనుక్కుని, విమానంలో పెట్టుకుని, మళ్ళీ మా కంటపడనంత దూరం తీసుకుపోతాడు. బేరం కుదుర్చుకున్నది తనే, అమ్ముతున్నదీ తనే. మరి ఈ తిరుగుడేమిటో నాకు అర్థం కాలేదు.

"కాస్త కూర్చోండి, గచ్చు అరిగిపోతుంది" అన్నాను.

"కూర్చునే ఉన్నాగా" అన్నాడు, నిలబడి.

ఆ సగం నోటు సంగతి ముందు చెప్పాలి. పూర్వం దొరల బ్యాంకులు సముద్రాలు దాటి వెళ్ళి, ఆ దొరలు ఏలే రేవు పట్టణాల్లో శాఖలు తెరిచేవట. శాఖ పేరు మీదే నోట్లు అచ్చువేసేవట. దారిలో దొంగలు కొట్టేస్తారన్న భయంతో జనం నోటును కత్తెరతో రెండు చేసి, ఒక సగం ఒక ఓడలో పంపేవారు. అది చేరిందని కబురొచ్చాక రెండోది ఇంకో ఓడ ఎక్కేది. రెండు సగాలూ ఒకచోట చేరితేనే బ్యాంకు డబ్బిచ్చేది. మా ఆయన దగ్గరున్నది అలాంటి ఎడమ సగం. దాని మీద తెరచాప ఓడ బొమ్మ, శాఖ పేరు, నాలుగు వేల నూట పదిహేడు అని నంబరు ఉన్నాయి. ఆ శాఖ ఎంతోకాలం నడవలేదట. దాని నిండు నోటు ఒక్కటి కూడా ఇంతవరకూ ఏ సేకరణకారుడికీ దొరకలేదట. ఈ "అట"లన్నీ పెళ్ళయినప్పటి నుంచి వింటున్నవే కాబట్టి నాకు కంఠతా వచ్చు.

కుడి సగం మా తమ్ముడి దగ్గరుంది. దాని మీద తేదీ, శాఖ మేనేజరు సంతకం, అదే నంబరు.

మా తమ్ముణ్ణి ఇంట్లో చిన్నోడు అంటాం. జుట్టు నెరిసినా చిన్నోడే. వాడికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. మా ఆయన పళ్ళ సెట్లు తయారుచేస్తాడు. ఒకరు జనానికి కళ్ళిస్తారు, ఒకరు పళ్ళిస్తారు, ఇద్దరికీ కలిపి బుద్ధి మాత్రం దేవుడివ్వలేదు. ఒకప్పుడు బావా బావమరుదులు ఆదివారం వస్తే చాలు, చంకలో ఆల్బములు పెట్టుకుని పాత నోట్ల వాళ్ళ సమావేశాలకు బయల్దేరేవారు. నోటును ఎలా పట్టుకోవాలో, ఎలా పట్టుకోకూడదో చిన్నోడికి మా ఆయనే నేర్పాడు.

ఒకరోజు చిన్నోడికి ఎక్కడో ఆ కుడి సగం దొరికింది. ఫోన్‌లో నంబరు చదివాడు. మా ఆయన గంతేసినంత పని చేశాడు. ఆ సంబరం ఆ ఫోన్ పెట్టేసేదాకా కూడా నిలవలేదు. నోటు ఎవరి ఇంట్లో కలవాలన్న దగ్గర మాటామాటా పెరిగింది. "ముందు దొరికింది నాకు, నువ్వే ఇటు తీసుకురా" అంటాడు ఈయన. "సంతకం లేనిది నోటే కాదు, నువ్వే పట్రా బావా" అంటాడు వాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అని ఇద్దరూ ఒట్టేసుకున్నారు. ఆఖరికి "నా సగం నా గుమ్మం దాటదు" అని ఒకరు, "నాదీ దాటదు" అని ఇంకొకరు. ఫొటో తీసి పంపుకోవడం కూడా నామోషీ అయిపోయింది. ఆరేళ్ళయింది, సగాలు కలవలేదు సరికదా మనుషులూ కలవలేదు.

నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. నేను డ్రైక్లీనింగ్ కొట్లో పనిచేస్తాను. చిన్నోడు నన్ను చూడాలనిపించినప్పుడు ఒక చొక్కా పట్టుకుని అక్కడికి వస్తాడు. అది మాసి కూడా ఉండదు. కౌంటరుకు అటు వాడు, ఇటు నేను, మధ్యలో ఆ చొక్కా. రసీదు చింపి వాడి చేతిలో పెడతాను, వెళ్ళిపోతాడు. నా ఇంటికి మాత్రం రాడు. ఇప్పుడు ఈయన ఆ సగాన్ని పరాయివాడికి అమ్మేస్తే, మళ్ళీ జన్మలో రాడు. నాకు కావలసింది నోటు కాదు. మా తమ్ముడు నా గడప తొక్కాలి, అంతే.

ఆయన స్నానానికి వెళ్ళాడు. నేను చేతులు కడుక్కుని, తుడుచుకుని, బీరువా తెరిచాను. తెగిన అంచు నలగకుండా ఈ సగాన్ని నల్ల కాగితం మడతలోకి దోపి ఉంచుతారు. మెల్లగా బయటికి లాగాను. అంచు వంకీలు వంకీలుగా ఉంది, ఎవరో కావాలనే కత్తెరను అటూ ఇటూ తిప్పి కోసినట్టు. చొక్కా మడతలో పెట్టే అట్టలు రెండు తీసి వాటి మధ్య పెట్టి, కవర్లో చుట్టి, బ్యాగులో వేసుకున్నాను. "కొట్టుకి వెళ్ళొస్తానండీ" అని స్నానాలగది తలుపు దగ్గర అరిచి బయటపడ్డాను.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోలేదు, గాలికి ఎగిరిపోతుందేమోనని. బ్యాగుకు జిప్పు ఉంది, బ్యాగులో కవరుంది, కవర్లో అట్టలున్నాయి. అయినా సరే. ఒకాయన మోచెయ్యి తగిలితే కసురుకున్నాను. ప్రతి స్టాపులోనూ బ్యాగు తడిమి చూసుకున్నాను. సగం దారిలో ఫోన్ మోగింది, ఆయనే. ఎత్తలేదు. మళ్ళీ మోగింది.

దుకాణంలో చిన్నోడు ఒక పెద్దావిడ చేత గోడ మీది అక్షరాలు చదివిస్తున్నాడు. నన్ను చూడగానే వాడి ముఖం పాలిపోయింది.

"ఏంటక్కా, పనిమానుకుని వచ్చావు? బావకేమైనా అయిందా?"

"బావకేం కాలేదు, గుండ్రాయిలా ఉన్నాడు. సగం అమ్మేస్తున్నాడురా."

"ఏ సగం?"

"ఇంకెన్ని సగాలున్నాయి నీకు? ఇవాళ మధ్యాహ్నమే. ఎవరో పైదేశం వర్తకుడట."

వాడు స్టూలు మీద కూలబడ్డాడు. పెద్దావిడ అక్షరాలు వదిలేసి మా వైపు చూడటం మొదలుపెట్టింది. ఆవిడకు దూరపు చూపు బాగానే ఉన్నట్టుంది.

"ఏడవకు. తీసుకొచ్చేశాను" అని బ్యాగు తట్టాను.

వాడు చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. "బావకి తెలుసా?"

"తెలిస్తే తేనిస్తాడా?"

"అయితే బయటికి తియ్యకు. సొంతదారు ఎదురుగా లేకుండా ముక్క చూడకూడదు. మాకదో పద్ధతి. బావే నేర్పాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆరేళ్ళు ముఖాలు చూసుకోకపోవడానికి ఏ పద్ధతీ అడ్డం రాలేదా? కాగితం ముక్క చూడ్డానికొచ్చిందా! సరే, నీది కూడా నాకివ్వు. ఇద్దరి ముక్కలూ నేనే పట్టుకెళ్ళి ఆయన ముందు పడేస్తా."

"నీకివ్వనక్కా, ఏమనుకోకు. నీ బ్యాగులో తాళాలూ, దువ్వెనా ఉంటాయి." సొరుగు తాళం తీసి కళ్ళజోడు పెట్టె ఒకటి బయటపెట్టాడు. "నేనే వస్తా."

ఆ మాట వాడి నోటి నుంచి వస్తుందని నేను అనుకోలేదు. మళ్ళీ మనసు మారుతుందేమోనని పెద్దావిడను రేపు రమ్మని నేనే చెప్పి పంపేశాను.

టాక్సీ ఎక్కాం. వాడి ఒళ్ళో ఆ కళ్ళజోడు పెట్టె, అందులో వాడి సగం. దారంతా బళ్ళు నిలిచిపోయి ఉన్నాయి. వాడికి కూర్చుంటే కుదురు లేదు, కాలు ఊపుతాడు, డ్రైవరు భుజం మీదుగా తొంగి చూస్తాడు. ఇక ఉండబట్టలేక పెట్టె తెరిచి, నోటు క్షేమంగా ఉందో లేదో చూసుకున్నాడు. నేనూ చూశాను.

దాని అంచు తిన్నగా ఉంది. స్కేలు పెట్టి బ్లేడుతో కోసినట్టు, ఒక్క వంపు లేకుండా.

నా బ్యాగులో ఉన్నదాని వంకీలు గుర్తొచ్చాయి. మా కొట్లో తరచూ జరిగే సంగతే ఇది. రసీదు పుస్తకం అయిపోతే కొత్త పుస్తకంలో నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. పాత ఇరవై ఏడు, కొత్త ఇరవై ఏడు ఒకే వారంలో వచ్చి కూర్చుంటాయి. ఒకరి కోటు ఇంకొకరికి పోతుంది. నంబరు ఒకటే అయితే చాలదు, చిరిగిన అంచు కలవాలి. వీళ్ళు కొట్టుకున్నది ఒక నోటు కోసం కాదు. వాళ్ళ దగ్గరున్నవి రెండు వేరువేరు నోట్ల ముక్కలు. తన అంచు ఎలా ఉందో అవతలివాడి అంచూ అలాగే ఉంటుందనుకున్నారు ఇద్దరూ.

చెప్పడానికి నోరు తెరిచాను.

"అక్కా, మీ ఇంటి ముందు రెండో మెట్టు ఇంకా విరిగే ఉందా?" అన్నాడు చిన్నోడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"బాగు చేయించాంరా."

"ఎప్పుడు?"

"నాలుగేళ్ళయింది."

వాడు తల ఊపాడు. నేను నోరు మూసుకున్నాను. అక్కణ్ణుంచి ఇంటిదాకా ఎలా వచ్చానో నాకే తెలుసు. పక్కనే బస్ స్టాపులు పోతున్నాయి, ఎక్కడ దింపమన్నా దింపుతాడు డ్రైవరు. ఆ పెట్టె మూత మళ్ళీ ఎత్తకుండా ఉంటే చాలని, వాడి పిల్లల చదువులూ, వాడి మోకాలి నొప్పీ, నోటికొచ్చిందల్లా అడుగుతూనే ఉన్నాను.

మా ఆయన వీధి గుమ్మంలో ఉన్నాడు. ఒక కాలికే చెప్పుంది. బీరువా చూసుకున్నట్టున్నాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. వెనక హాల్లో వర్తకుడు టీపాయ్ మీద చేతిసంచీ పెట్టుకుని కూర్చున్నాడు. నా మీదికి అరవడానికి తెరిచిన నోరు, నా వెనకున్న మనిషిని చూసి అలాగే ఉండిపోయింది.

"బావా" అన్నాడు చిన్నోడు.

"రా" అన్నాడు ఈయన. ఇంకేం అనాలో తెలియక, "చేతులు కడుక్కో" అన్నాడు.

ఇద్దరూ వరసగా సింకు దగ్గర చేతులు కడుక్కున్నారు. ఒకే తువ్వాలుతో తుడుచుకున్నారు. భోజనాల బల్ల మీద నల్లగుడ్డ పరిచారు. నేను అట్టలు విప్పి ఈయన సగం ఇచ్చాను, తీసుకున్నాడు. ఎడమ సగం పెట్టాడు. చిన్నోడు కుడి సగం పెట్టాడు. పట్టకారుతో దగ్గరికి జరిపారు. నేను వంటగది గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

మా ఆయన తన ముక్కను కొంచెం పైకి జరిపాడు, కొంచెం కిందికి జరిపాడు. వంకీలకూ తిన్నని గీతకూ మధ్య నల్లగుడ్డ కనబడుతూనే ఉంది. వర్తకుడు లేచి వచ్చి వంగి చూశాడు.

"రెండు వేరే జారీలండీ ఇవి. తేదీ మారినప్పుడల్లా నంబర్లు మొదటి నుంచి వేసేవారు కదా."

ఆ సంగతి వీళ్ళిద్దరికీ తెలియనిది కాదు. ఈయన చిన్నోడికి పాఠంలా చెప్పగా నేనే విన్నాను. తెలిసినా ఆరేళ్ళలో ఒక్కసారి తట్టలేదు.

"పోనీ నాకు రెండూ ఇచ్చెయ్యండి" అన్నాడు వర్తకుడు. ఇద్దరిలో ఒక్కరు కూడా ఆయన వైపు చూడలేదు.

చిన్నోడు తన సగాన్ని తీసి పెట్టెలో పెట్టుకున్నాడు. "ఇక నాకిక్కడ పనేముందక్కా, వెళ్తాను" అని లేచాడు.

నేను భయపడ్డది ఈ మాటకే. దాంతో నాలో ఇన్నాళ్ళదీ ఒక్కసారి బయటికొచ్చింది. "పనా? నీకు పని కావాలిరా ఇక్కడికి రావడానికి? ఇది మీ అక్క ఇల్లు! మాయని చొక్కాలు తెచ్చి నాకు ఉతకమని ఇస్తున్నావే, ఆ కౌంటరు దగ్గర ఎన్నిసార్లు నీ చెయ్యి పట్టుకుని లాక్కురావాలనిపించిందో తెలుసా నీకు? మీరు కూడా వినండి, అటు చూస్తారేం? మా తమ్ముడికి ఇంత టీ పోసి ఆరేళ్ళయింది నేను!" ఏడుపు ఆగలేదు. వర్తకుడి ముందు ఏడ్చానన్న సిగ్గు కూడా కలగలేదు.

మా ఆయన బల్ల కింద నుంచి కుర్చీ లాగాడు. "కూర్చోరా చిన్నోడా" అన్నాడు. వర్తకుడి వైపు తిరిగి, "ఏమనుకోకండి, అమ్మడం లేదు" అన్నాడు. ఆయన సంచీ తీసుకుని, చెప్పులేసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

చిన్నోడు కూర్చున్నాడు. నేను ముఖం కడుక్కుని పొయ్యి వెలిగించాను. నీళ్ళు మరిగేలోపు హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. "ఆ తేదీ ఒకసారి చదువు… అయితే నీ ఎడమ సగం ఇంకెక్కడో ఉందన్నమాట." "నీ కుడి సగం కూడా, బావా." టీ పట్టుకెళ్ళేసరికి రెండు తలలూ ఒకే భూతద్దం మీదికి వంగి ఉన్నాయి.

మా ఆయన తలెత్తి నన్ను పరీక్షగా చూశాడు. "నాది బీరువాలోంచి తీసినప్పుడు అంచు వంకరగా ఉందని చూసే ఉంటావు. వీడిది తిన్నగా ఉందని నీకు ముందే తెలుసా?"

"టాక్సీలోనే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే వీడు దారిలోనే దిగిపోయేవాడు."

చిన్నోడు కాదంటాడేమోనని చూశాను. వాడు టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని తల వంచుకున్నాడు.

"దిగిపోయేవాణ్ణే" అన్నాడు.